విక్టోరియా కాలపు పెద్దమనిషి భాష

మా ఊరి సాహితీ మిత్రులలో ఇంగ్లీషు ఎం.ఏ. చదివే కుర్రాడొకడు విక్టోరియా కాలపు లండన్ నేపథ్యంగా ఇంగ్లీషులోనే ఒక నాటిక రాసి, చూడమని నా చేతికిచ్చాడు. నేను తెలుగు పంతుల్ని. అయినా చదివాను. మొదట నేటి ఇంగ్లీషులో రాసుకుని, తర్వాత దాన్ని ఆ కాలపు గ్రాంథిక ధోరణిలోకి మార్చాడట. మార్చడమంటే ‘బిగిన్’ ఉన్నచోటల్లా ‘కమెన్స్’, ‘మ్యాన్’ ఉన్నచోట ‘ఇండివిడ్యువల్’. యజమాని, గుమాస్తా, వంటమనిషి - అందరిదీ అదే భాష. మన పౌరాణిక నాటకాల్లో ద్వారపాలకుడు కూడా సమాసాలు మాట్లాడినట్టుంది.

తమాషా ఏమిటంటే, ఈ మార్పిడిని ఆ కాలంవాళ్ళే వెక్కిరించారు. కాంటర్బరీ డీన్ హెన్రీ ఆల్ఫర్డ్ 1864లో వెలువరించిన ‘ది క్వీన్స్ ఇంగ్లీష్’లో, పత్రికలవాళ్ళు సూటి మాటలు వదిలి లాటిన్ బరువు మాటలు ఎత్తుకుంటున్నారని విసుక్కున్నాడు. ఆయన వేలెత్తి చూపిన వాటిలో ‘కమెన్స్’, ‘ఇండివిడ్యువల్’ రెండూ ఉన్నాయి. కనుక అది ఆ యుగంలో అందరూ మాట్లాడిన భాష కాదు. పెద్దమనిషి అనిపించుకోవాలనుకున్నవాళ్ళు తొడుక్కున్న కోటు.

ఆ కోటు చిరుగులు డికెన్స్‌కు తెలిసినట్టు మరొకరికి తెలియవు. ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’ (1849-50)లోని మికాబర్ అప్పుల్లో పీకలదాకా మునిగిన మనిషి. వాక్యాన్ని దొర్లించి దొర్లించి, ‘ఇన్ షార్ట్’ అని ఆగి, అసలు సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాడు. డికెన్స్ తండ్రి 1824లో అప్పుల కింద మార్షల్‌సీ జైలుకు వెళ్ళాడు. మికాబర్‌కు ఆయనే నమూనా. అందుకే ఆ వెక్కిరింతలో పగ కనిపించదు. చేతిలో పైసా లేని పెద్దమనిషికి మిగిలిన ఆస్తి ఆ వాక్యమొక్కటే.

ప్రభుత్వ కాగితాల్లోకి వచ్చేసరికి నవ్వు ఆగిపోతుంది. 1834 నాటి పేదల చట్టానికి మూలమైన నివేదికలో ‘లెస్ ఎలిజిబిలిటీ’ అనే సూత్రం ఉంది. వర్క్‌హౌస్‌లో చేరిన నిరుపేద బతుకు, బయట అందరికన్నా తక్కువ కూలి తెచ్చుకునేవాడి బతుకుకన్నా హీనంగా ఉండాలని దాని అర్థం. హీనంగా ఉంచేవాడెవడో ఆ మాటలో కనిపించదు. ఈ విద్య మనకూ వచ్చు. ‘ఆకలిగొన్నవాడికి కూడు తగ్గించాం’ అనే మాటను ‘సహాయార్హుల ఆహార పరిమాణము సవరింపబడినది’ అని మార్చి చూడండి. కర్త పోయాడు, ఆకలి పోయింది, తగ్గించడం కాస్తా సవరణ అయింది. మా కుర్రాడు మాటలు మార్చాడు గాని ఈ వ్యాకరణాన్ని పట్టుకోలేదు.

బాలకార్మికుల విచారణ సంఘం 1842లో గనుల మీద ఇచ్చిన నివేదికలో రెండు భాషలు పక్కపక్కనే ఉంటాయి. కమిషనర్లది ఉపవాక్యం మీద ఉపవాక్యంగా సాగే భాష. చీకట్లో గని తలుపుల దగ్గర కూర్చున్న పిల్లల సాక్ష్యాలు మాత్రం చిన్న చిన్న మాటలు. అదే ఏడాది స్త్రీలనూ పదేళ్ళలోపు మగపిల్లలనూ భూగర్భంలోకి దించకూడదని చట్టం వచ్చింది. ఆ చిన్న మాటల పాలు అందులో తక్కువేమీ కాదని నా నమ్మకం.

ఆ దొరల భాష ఓడ దిగి మన కరువునూ రాసింది. 1876-78లో నాటి మద్రాసు రాజధానిలోని బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు మాడిపోతుంటే, సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో సహాయ పనుల కూలిని మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణాకు దించాడు. కాగితాల్లో దాని పేరు ‘టెంపుల్ వేజ్’. మర్యాదైన పేరే.

ఇది చూసి గ్రాంథికమంతా పాలకవర్గ కుట్ర అని తేల్చేస్తే (మన సభల్లో తేల్చేస్తూనే ఉంటాం) ఒక చిక్కుంది. ఆ కూలి మనిషిని బతికించదని వాదించిన మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ రాసిందీ అదే దొరల ఇంగ్లీషులోనే. లియొనార్డ్ హార్నర్ వంటి ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ల నివేదికలూ ఆ ధోరణిలోనివే. 1867లో ‘పెట్టుబడి’ మొదటి సంపుటం వెలువరించిన మార్క్స్, పనిదినం గురించిన అధ్యాయానికి సాక్ష్యం వాటిలోంచే ఏరుకున్నాడు. హార్నర్ కార్మికవర్గానికి చేసిన సేవను ఆయన మెచ్చుకున్నాడు కూడా. కర్తను దాచే వాక్యంలోనే కర్తను పట్టించడం వాళ్ళు చేసిన పని.

ఇదంతా కుర్రాడికి చెప్పాను. కొంత విన్నాడు, కొంత వాదించాడు. రెండు వారాల తర్వాత తిరగరాసి తెచ్చిన ప్రతిలో యజమాని ఉత్తరం మునుపటికన్నా పొడుగైంది. వంటమనిషిని పనిలోంచి తీసేసిన సంగతి అందులో ఎనిమిదో పంక్తిలోగాని బయటపడదు. వంటమనిషికి మాత్రం ఒకే ప్రశ్న మిగిల్చాడు: ‘ఎవరు తీసేశారు?’