మూడు గడపల మద్రాసు క్లబ్బు

చెన్నపట్నంలో 1832లో వెలసిన మద్రాసు క్లబ్బు, మన దేశంలో నేటికీ నడుస్తున్న క్లబ్బుల్లో వయసు రీత్యా రెండోది. దానికన్నా పెద్దది 1827లో పుట్టిన కలకత్తా బెంగాల్ క్లబ్బు. మద్రాసు క్లబ్బు మూడు చోట్ల కాపురం చేసింది. ఒక్కో ఇంటి గడప దగ్గర నిలబడి చూస్తే, ఆ కాలం ఎవరిని లోపలికి రానిచ్చిందో, ఎవరిని వద్దందో తెలుస్తుంది.

మొదటి ఇల్లు మౌంట్ రోడ్డు పక్కన, విశాలమైన ఆవరణలో ఉండేది. గంజాం నుంచి నెల్లూరు దాకా మన జిల్లాలనూ ఏలిన రాజధాని మద్రాసు. కంపెనీ ఉద్యోగులు, సైనికాధికారులు, వ్యాపారులు అక్కడ భోంచేసేవారు, పేకాడేవారు. పేకలో మనం కళావరు ఆసు అనే ముక్కకు ఇంగ్లీషులో ఉన్న పేరే, ‘ఏస్ ఆఫ్ క్లబ్స్’, ఈ క్లబ్బుకు బిరుదైంది. భారతీయులకు, స్త్రీలకు మాత్రం సభ్యత్వం లేదు.

తలుపు మూసుకుపోయిన చోట కొత్త తలుపులు పుట్టాయి. 1873లో భారతీయ ప్రముఖులు కాస్మోపాలిటన్ క్లబ్బును స్థాపించి, 1882లో దాన్ని మౌంట్ రోడ్డుకే తీసుకొచ్చారు. 1890 ప్రాంతంలో తెల్లవాళ్లే అడయార్ క్లబ్బు పెట్టుకుని స్త్రీలకూ చోటిచ్చారు.

స్వాతంత్ర్యం వచ్చే వేళకు పెద్ద ఇంటిని నిలబెట్టుకునే స్తోమత మద్రాసు క్లబ్బుకు తగ్గింది. ఆ ఆవరణ ఇండియన్ ఎక్స్‌ప్రెస్ అధిపతి రామ్‌నాథ్ గోయెంకా చేతికి వచ్చి ఎక్స్‌ప్రెస్ ఎస్టేట్ అయింది. ఇక్కడే ఈ కథ మన గుండెకు దగ్గరవుతుంది. ఏ ఆవరణలో మనవాళ్లకు సభ్యత్వం దక్కలేదో, అక్కడినుంచే నార్ల వెంకటేశ్వరరావు సంపాదకత్వంలో ‘ఆంధ్రప్రభ’ తెలుగువాళ్ల ఇళ్లకు చేరింది. ఆంధ్ర రాష్ట్రం కోసం నిరాహార దీక్ష చేస్తూ 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు మద్రాసులోనే ప్రాణం విడిచారు. ఆ కబురును తెలుగు ఊళ్లకు మోసిన పత్రికల్లో ఆంధ్రప్రభ కూడా ఒకటి.

క్లబ్బు రెండో మజిలీ 1948లో మౌంట్ రోడ్డులోనే ఉన్న బ్రాన్సన్ బాగ్. అక్కడ ఎక్కువకాలం నిలవలేదు. 1963లో అడయార్ క్లబ్బుతో కలిసిపోయి, అడయార్ నది ఒడ్డున ఆ క్లబ్బు ఉంటున్న మౌబ్రేస్ కుపోలాకు చేరింది. 18వ శతాబ్దం చివర్లో కంపెనీ అధికారి జార్జ్ మౌబ్రే కట్టించుకున్న తోటబంగళా అది. తెల్లటి గోడలు, నడినెత్తిన గుమ్మటం, నది వైపు పరుచుకున్న పచ్చిక. పేరులోని కుపోలా ఆ గుమ్మటమే. భారతీయులకు తలుపులు తెరుచుకున్నది కూడా 1960ల తొలి రోజుల్లోనే. స్త్రీలకు చోటిచ్చిన ఇంటికే, వారిని దూరం పెట్టిన పాత క్లబ్బు తలదాచుకోవడానికి రావలసి వచ్చింది. అక్కడికి వెళ్లే దారి పేరు నేటికీ అడయార్ క్లబ్ గేట్ రోడ్డే.

మౌంట్ రోడ్డు పక్కనున్న మొదటి ఇల్లు ఇప్పుడు లేదు. దాన్ని పడగొట్టిన స్థలంలో 2010లో ఎక్స్‌ప్రెస్ అవెన్యూ మాల్ తెరుచుకుంది. అంతటి పాత కట్టడాన్ని కాపాడుకోలేకపోవడం చెన్నైకి తీరని లోటు. అయినా ఆ నేల మీద ఇప్పుడు సెలవు రోజుల్లో పిల్లాపాపలతో కుటుంబాలు గుంపులుగా నడుస్తాయి. నువ్వెవరని అడిగే గడప అక్కడ లేదు. పోయిన గోడల కోసం బాధపడే నాకు, ఆ ఒక్కటే ఊరట.