సర్వేపల్లి రాధాకృష్ణన్

సర్వేపల్లి రాధాకృష్ణన్ (1888 సెప్టెంబరు 5 – 1975 ఏప్రిల్ 17) తత్త్వవేత్త, విశ్వవిద్యాలయ ఆచార్యుడు, భారతదేశపు తొలి ఉపరాష్ట్రపతి, రెండో రాష్ట్రపతి. 1909లో అధ్యాపక వృత్తిలో అడుగుపెట్టిన నాటి నుంచి నలభై ఏళ్లు ఆయన లోకం కళాశాలలు, విశ్వవిద్యాలయాలే. ఎన్నికల రాజకీయాల్లో ఎదిగిన నాయకుడు కాదు. పాలనాధికారం మంత్రిమండలి చేతిలో ఉండే వ్యవస్థలో రాష్ట్రపతిది ప్రధానంగా గౌరవ పదవి. ఆ పదవికి గురువు మాటకుండే బరువును తెచ్చిన వ్యక్తిగా రాధాకృష్ణన్‌ను చెప్పుకోవాలి.

బాల్యం, చదువు

రాధాకృష్ణన్ తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. తల్లిదండ్రులు సీతమ్మ, వీరాస్వామి. ఇంటిపేరు నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లి గ్రామం నుంచి వచ్చింది. అప్పట్లో ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉన్న తిరుత్తణి తరువాత చిత్తూరు జిల్లాలో చేరింది. 1960లో ఆంధ్రప్రదేశ్, మద్రాసు రాష్ట్రాల సరిహద్దు సర్దుబాటులో మద్రాసుకు వెళ్లింది.

తండ్రి రెవెన్యూ విభాగంలో చిన్న ఉద్యోగి. ఇంట్లో డబ్బుకు ఇబ్బందే. తిరుపతి లూథరన్ మిషన్ పాఠశాల, వేలూరు వూర్హీస్ కళాశాల, మద్రాసు క్రైస్తవ కళాశాల ఆయన చదువుకున్న చోట్లు. ఆ చదువంతా ఉపకార వేతనాల మీద సాగింది. తత్త్వశాస్త్రం చదవడానికి కారణం కూడా పేదరికమే. అదే చదువు పూర్తిచేసిన బంధువు ఒకరు తన పాత పుస్తకాలు ఇచ్చారు. కొత్తవి కొనే పని తప్పింది. ఎం.ఏ. కోసం వేదాంతంలోని నీతిశాస్త్రంపై సిద్ధాంత వ్యాసం రాశారు.

అధ్యాపకుడిగా

1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరారు. కొంతకాలం రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలలోనూ పాఠాలు చెప్పారు. 1918లో మైసూరు మహారాజా కళాశాలకు, 1921లో కలకత్తా విశ్వవిద్యాలయానికి మారారు. మైసూరు నుంచి బయలుదేరిన రోజున శిష్యులు ఆయన బండిని పూలతో అలంకరించి, గుర్రాలకు బదులు తామే రైల్వే స్టేషను దాకా లాక్కెళ్లారు.

భారతీయ తత్త్వశాస్త్రంపై రాసిన రెండు సంపుటాలు 1923లో, 1927లో వెలువడ్డాయి. పాశ్చాత్య పాఠకులకు మన దర్శనాలను వాళ్ల పరిభాషలోనే విప్పిచెప్పడం వాటి ప్రత్యేకత. ఈ కాలంలో ఒక వివాదమూ నడిచింది. తన పరిశోధనలోని భాగాలను వాడుకున్నారంటూ పరిశోధకుడు జదునాథ్ సిన్హా 1929లో కలకత్తా హైకోర్టులో దావా వేశారు. రాధాకృష్ణన్ ఎదురు దావా వేశారు. 1933లో ఇరుపక్షాలూ కోర్టు బయట రాజీపడ్డాయి.

ఆంధ్ర విశ్వవిద్యాలయం

తెలుగువారు ఆయనను ముందుగా తలుచుకోవలసింది ఇక్కడే. 1926లో బెజవాడ కేంద్రంగా మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930లో వాల్తేరుకు తరలింది. బ్రిటిష్ ప్రభుత్వ అణచివేతకు నిరసనగా తొలి ఉపాధ్యక్షుడు కట్టమంచి రామలింగారెడ్డి రాజీనామా చేయగా, 1931లో రాధాకృష్ణన్ ఆ బాధ్యత తీసుకున్నారు. అప్పటికి విశ్వవిద్యాలయం ఇంకా పసిది. జయపురం మహారాజు విక్రమదేవవర్మ ఏటా ఇచ్చిన లక్ష రూపాయల విరాళం దాన్ని నిలబెట్టింది. ఆయన పేరుతోనే సైన్సు, టెక్నాలజీ కళాశాల వెలిసింది.

మనుషులను ఎంచుకోవడంలో రాధాకృష్ణన్ చూపు పదునైనది. భౌతికశాస్త్రానికి సూరి భగవంతం, రసాయన శాస్త్రానికి టి.ఆర్. శేషాద్రి, తత్త్వశాస్త్రానికి హుమాయూన్ కబీర్, చరిత్రకు హిరేన్ ముఖర్జీ వచ్చారు. అప్పటికి వీళ్లంతా యువకులే. 1933లో రవీంద్రనాథ్ టాగూరు వాల్తేరు వచ్చి ఉపన్యాసాలు ఇచ్చారు.

1936లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ప్రాచ్య మతాలు, నీతిశాస్త్రాల ఆచార్య పీఠాన్ని ఆయనకు ఇచ్చింది. 1939 నుంచి 1948 వరకు కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా ఉన్నారు. స్వాతంత్ర్యం వచ్చాక, 1948–49లో విశ్వవిద్యాలయ విద్యా సంఘానికి అధ్యక్షత వహించారు.

రాజ్యాంగ పదవుల్లో

1949లో సోవియట్ యూనియన్‌కు రాయబారిగా వెళ్లి, 1952లో పోటీ లేకుండా ఉపరాష్ట్రపతి అయ్యారు. 1957లోనూ ఏకగ్రీవమే. పదేళ్లు రాజ్యసభ అధ్యక్ష స్థానంలో కూర్చున్నారు. 1954లో భారతరత్న అందుకున్న తొలి ముగ్గురిలో ఆయన ఒకరు. మిగతా ఇద్దరు రాజగోపాలాచారి, సి.వి. రామన్.

1962 రాష్ట్రపతి ఎన్నికలో 5,53,067 విలువైన ఓట్లతో గెలిచారు. ఆయన పదవీకాలం ప్రశాంతంగా గడవలేదు. చైనా యుద్ధ సమయంలో 1962 అక్టోబరు 26న దేశంలో తొలి అత్యవసర పరిస్థితి ప్రకటన ఆయన పేరుతోనే వెలువడింది. 1964లో నెహ్రూ, 1966లో లాల్ బహదూర్ శాస్త్రి పదవిలో ఉండగానే కన్నుమూశారు. రెండుసార్లూ గుల్జారీలాల్ నందా చేత తాత్కాలిక ప్రధానిగా వెంటనే ప్రమాణం చేయించి, పార్టీ కొత్త నాయకుణ్ణి ఎన్నుకొనేదాకా పాలనలో విరామం రాకుండా చూశారు. గౌరవ పదవి అవసరం తెలిసివచ్చేది ఇలాంటి గడియల్లోనే. పదవీకాలం చివర్లో, ప్రభుత్వ అసమర్థతనూ వనరుల దుర్వినియోగాన్నీ గణతంత్ర దినోత్సవ ప్రసంగంలో బహిరంగంగా తప్పుపట్టారు. 1967 మేలో పదవి నుంచి దిగి మద్రాసు చేరుకున్నారు. 1975లో, చనిపోవడానికి కొద్దికాలం ముందు, టెంపుల్టన్ బహుమతి ప్రకటించగా ఆ సొమ్మును ఆక్స్‌ఫర్డ్‌కు ఇచ్చారు. కుమారుడు సర్వేపల్లి గోపాల్ చరిత్రకారుడు. తండ్రి జీవితచరిత్ర రాశారు.

పోలికలు

విద్యారంగంలో పనిచేసి ఇలాంటి గౌరవ పదవులకు చేరిన వారు తరువాతా ఉన్నారు. ఒడిశాలో ఉపాధ్యాయినిగా పనిచేసిన సంతాల్ మహిళ ద్రౌపది ముర్ము 2022లో రాష్ట్రపతి అయ్యారు. కెనడా ఉత్తర ప్రాంతపు ఆదివాసులైన ఇనూయిట్‌ల పిల్లల విద్యపై ఏర్పడిన జాతీయ సంఘానికి అధ్యక్షత వహించిన మేరీ సైమన్ 2021లో ఆ దేశంలో రాజరికపు ప్రతినిధి అయిన గవర్నర్ జనరల్ అయ్యారు. ఇనూయిట్ జాతి నుంచి ఆ పదవికి వచ్చిన తొలి వ్యక్తి ఆమే.

స్మరణ

1962లో శిష్యులు, మిత్రులు పుట్టినరోజు వేడుక చేస్తామంటే, దాన్ని ఉపాధ్యాయ దినోత్సవంగా జరిపితే సంతోషిస్తానని రాధాకృష్ణన్ చెప్పారు. నాటి నుంచి సెప్టెంబరు 5 దేశమంతటా ఉపాధ్యాయుల పండుగ. నూజివీడు మామిడి తోటల నడుమ ఉన్న రెడ్డిగూడెం వంటి ఊళ్ల బడుల్లో పిల్లలకు అది స్వపరిపాలన దినోత్సవం. పై తరగతుల పిల్లలు పంతులమ్మ చీరకట్టుతో, మాస్టారి నడకతో వచ్చి, ఆ ఒక్క పూటకు సుద్దముక్క చేతపట్టి కింది తరగతులకు పాఠం చెబుతారు.