రెక్కను గాయపరచని ట్యాగు కోసం

డాల్ఫిన్లకు ట్యాగులు వేసే పద్ధతి తొలినాళ్లలో పశుపోషణ నుంచే పరికరాలను అరువు తెచ్చుకుంది. మన పల్లెల్లో నేడు ఆవుల, ఎనుముల చెవులకు కనిపించే ప్లాస్టిక్ ట్యాగుల వంటివాటినే, 1970లో అమెరికాలోని ఫ్లోరిడా తీరాన సరసోటా వద్ద మొదలైన పరిశోధనలో డాల్ఫిన్ల వీపు రెక్కలకు తగిలించి ఏది ఏదో గుర్తుపట్టేవారు. తరువాత రేడియో పరికరాలను ఆ రెక్కకే రంధ్రాలు చేసి బోల్టులతో బిగించారు. అయితే ఆ రెక్కలో ఎముక ఉండదు. అందులో అల్లుకున్న రక్తనాళాలు ఒంటిలోని అధిక వేడిని నీటిలోకి వదులుతాయి. ఈదినంతసేపూ నీటి ఒరిపిడి ట్యాగును వెనక్కి లాగుతుంది గనుక బోల్టు చుట్టూ కణజాలం చచ్చుబడి, రంధ్రం సాగి, కొన్నిసార్లు ట్యాగు రెక్క అంచును చీల్చుకుని ఊడిపోయేది.

అయినా రెక్కను వదిలే వీలు లేకపోయింది. 1978లో అమెరికా, ఫ్రాన్స్ కలిసి ప్రారంభించిన ఆర్గోస్ అనే వ్యవస్థలో, కదిలే ఉపగ్రహానికి చేరే రేడియో తరంగపు పౌనఃపున్యం ఎంత మారిందో లెక్కగట్టి జంతువు ఉన్న చోటు తెలుసుకుంటారు; ఆ తరంగం ఉప్పునీటిని దాటి రాలేదు కాబట్టి, శ్వాసకు పైకి వచ్చిన క్షణంలో నీటిని దాటి నిలిచే రెక్కే ట్యాగుకు తావైంది.

అసలు మార్పు ఒంటి పిన్ను ట్యాగుతో వచ్చింది. 2014లో ప్రచురితమైన సమీక్ష ఒకటి ఈ పద్ధతిని వివరించింది: చిన్న ట్యాగును రెక్క వెనుక అంచున ఒకే ప్లాస్టిక్ పిన్నుతో, నీటి వాలుకు తిరిగేలా నిలుపుతారు, పిన్నును పట్టే ఉక్కు మర ఉప్పునీటిలో క్రమంగా తుప్పుపట్టి విడిపోతే ట్యాగు దానంతటదే రాలిపోతుంది. తుప్పును శత్రువుగా కాక సాధనంగా వాడుకున్న ఈ ఆలోచన ఈ చరిత్రలో అన్నిటికన్నా విలువైనది.

దూరం నుంచి ప్రయోగించి గుచ్చే ముళ్ల ట్యాగుల కథ వేరు. 2016లో ఎల్95 అనే ఓర్కా (డాల్ఫిన్ కుటుంబంలో అతి పెద్ద జీవి) ట్యాగు వేసిన కొద్ది వారాలకు కెనడా తీరంలో చనిపోయి కనిపించింది. రెక్కలో ముళ్ల ముక్కలు మిగిలి ఉండడంతో, ఆ గాయం ఫంగస్ ఇన్ఫెక్షన్‌కు దారి ఇచ్చి ఉండవచ్చని నిపుణులు భావించారు. దాంతో ఆ ఓర్కాలకు అలా ట్యాగులు వేయడాన్ని నిలిపివేశారు. 2019లో తిమింగలాలు, డాల్ఫిన్ల ట్యాగింగ్‌కు అంతర్జాతీయ మార్గదర్శకాలు వెలువడ్డాయి.

ఇక ట్యాగుల సంకేతాలను అందుకునే ఆర్గోస్ గ్రాహకాలు రెండు తెలుగు నేల నుంచే నింగికెగిశాయి: 2013 ఫిబ్రవరి 25న సరళ్, 2022 నవంబర్ 26న ఓషన్‌శాట్-3 ఉపగ్రహాలు శ్రీహరికోట నుంచి వాటిని మోసుకెళ్లాయి. 2024 డిసెంబర్‌లో భారత వన్యప్రాణి సంస్థ, అస్సాం అటవీ శాఖ, ఆరణ్యక్ అనే సంస్థ కలిసి అస్సాంలో ఒక గంగా డాల్ఫిన్‌కు తొలిసారి వేసిన ఉపగ్రహ ట్యాగు కూడా ఆర్గోస్ వ్యవస్థదే. ఈ నది జీవికి వీపు మీద ఎత్తయిన రెక్క కాక చిన్న మిట్ట మాత్రమే ఉంటుంది కాబట్టి, సముద్రపు డాల్ఫిన్ల కొలతలు దీనికి నేరుగా పనికిరావు.

ఎన్ని నెలలు సంకేతాలు పంపిందన్న లెక్కతోనే ట్యాగును మెచ్చుకోవడం తప్పు. అది రాలాక గాయం ఎలా మానిందో ఫోటోలతో పరిశీలించాకే దాని మేలు తేల్చాలి. ఆంధ్ర తీరంలో ఇటువంటి పని చేపట్టే సంస్థలు ఆ పరిశీలన ఖర్చును మొదటి బడ్జెట్‌లోనే చేర్చాలి.