యూఆర్ఎల్‌కి ఇంటిపేరు వచ్చిన కథ

మా టీంలో ఒకప్పుడు నలుగురు శ్రీనివాసులు ఉండేవాళ్ళు. మేనేజరు "శ్రీనూ" అంటే నాలుగు తలకాయలు లేచేవి. ఇంటిపేర్లతో పిలవడం మొదలెట్టాక గానీ గోల తగ్గలేదు. జంగో ఫ్రేంవర్క్‌దీ ఇదే అవస్థ.

జంగో పుట్టింది పత్రికాఫీసులో. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని లారెన్స్ జర్నల్-వరల్డ్ దినపత్రికలో ఏడ్రియన్ హొలొవాటీ, సైమన్ విల్లిసన్ 2003లో మొదలెట్టారు, 2005 జూలైలో అందరికీ వదిలారు. ఆ పత్రికవాళ్ళకి ఒకటికి మించి సైట్లుండేవి. ఒకసారి రాసిన అప్లికేషన్‌ని ఇంకో చోట తగిలించుకోవచ్చన్నదే జంగోలో నాకు నచ్చిన సంగతి.

అక్కడే తిరకాసు. యూఆర్ఎల్‌ని టెంప్లేట్లో నేరుగా రాయకుండా దానికో పేరు పెట్టి, రివర్స్ ఫంక్షన్‌తో పట్టుకుంటాం కదా? ఆ పేర్లన్నీ ఒకే గంపలో ఉండేవి. రెండు అప్లికేషన్లలో ఒకే పేరుంటే, ఆర్గ్యుమెంట్లూ ఒకేలా ఉంటే, లిస్టులో చివరున్నది దొరికేది. ఎర్రర్ కూడా రాదు!

నాకిది అనుభవమే. ఇన్‌వాయిస్‌లకీ, కస్టమర్లకీ రెండుచోట్లా "డిలీట్" అనే పెట్టాం. రెండూ ఒక నంబరే తీసుకుంటాయి. 41వ ఇన్‌వాయిస్ పక్కన నొక్కితే 41వ కస్టమర్ ఎగిరిపోయాడు. టెస్టు సర్వర్ కాబట్టి బతికిపోయాం.

పేరు ముందు అప్లికేషన్ పేరు అతికిస్తే సరిపోదా అంటారేమో. ఒకే అప్లికేషన్‌ని రెండుసార్లు తగిలిస్తే? ఒకే ప్రాజెక్టులో రెండు అడ్మిన్ సైట్లుంటే? అందుకే 2009 జూలైలో, 1.1 వెర్షన్లో, నేమ్‌స్పేస్‌లు తెచ్చారు. "అడ్మిన్", కోలన్, "ఇండెక్స్" అని రాయడం అప్పట్నుంచే. అప్లికేషన్‌కో పేరు, తగిలించిన ప్రతిచోటకీ ఇంకో పేరు. ఊళ్ళో ఒకే ఇంటిపేరున్న రెండు కుటుంబాల్ని మేడవాళ్ళు, బావివాళ్ళు అన్నట్టు.

కానీ ఇంటిపేరు పెట్టే హక్కు తగిలించుకునేవాడి చేతిలో ఉండిపోయింది. వాడు వేరే పేరు పెడితే, అప్లికేషన్ లోపలి లింకులన్నీ గోవిందా. 2015 డిసెంబరులో 1.9తో, అప్లికేషన్ తన పేరు తన యూఆర్ఎల్ ఫైల్లోనే చెప్పుకునే వీలొచ్చింది. 2017 డిసెంబరులో వచ్చిన 2.0లో ఆ పేరు లేకుండా నేమ్‌స్పేస్ ఇస్తే ఎర్రరే. అప్‌గ్రేడ్ చేసిన వారమంతా నేనూ తిట్టుకున్నాను. అయినా ఆ 41వ కస్టమర్ గుర్తొచ్చి, ముందే అరిచే ఎర్రరే మేలనుకుని, ఒక్కో ఫైలూ తెరిచి పేర్లు పెట్టుకుంటూ పోయాను.