ఊయల కడ తల్లి

ఐరోపా చిత్రకారులు శతాబ్దముల తరబడి మాతృత్వమును మరియమ్మ రూపముననే ప్రధానముగా చిత్రించిరి. ఆ తల్లి పూజనీయ. నిద్రకు మొగము వాచిన యింటి తల్లి కాదు. ఆ కొఱతను తీర్చినవారిలో ఫ్రెంచి చిత్రకారిణి బెర్త్ మొరిజో యొకతె.

1872లో ఆమె చిత్రించిన ‘ఊయల’యందు, తల్లి చెంపకు చేయి చేర్చి, పలుచని తెరచాటున నిద్రించు శిశువును చూచుచున్నది. ఆ మొగమున వాత్సల్యమే కాదు, ఆలోచనయు నలసటయు కలవు.

ఆ తల్లి చిత్రకారిణికి తోడబుట్టిన యక్క, ఎద్మా. ఇరువురును కొరో యను ఆచార్యునియొద్ద నభ్యసించి, 1864లో పారిసు సలోను ప్రదర్శనమున తమ చిత్రముల నుంచిరి. 1869లో నౌకాదళోద్యోగిని పెండ్లాడిన పిదప అక్క కుంచె విడిచెను. చెల్లెలు విడువలేదు. 1874లో ఇంప్రెషనిస్టుల తొలి ప్రదర్శనమున ‘ఊయల’ నుంచిన ఆమె యొక్కతెయే స్త్రీ. ఆ చిత్రము నాడు అమ్ముడుపోలేదు. 1930లో లూవ్రు ప్రదర్శనశాల దానిని కొనెను.

1878లో కుమార్తె జూలీ జన్మించిన పిదపను బెర్త్ చిత్రరచన మానలేదు. ఆ బిడ్డనే పలుమారులు చిత్రించెను. కావున మాతృత్వము విద్యకు శత్రువు కాదు. ఊయలలోని బిడ్డను చూచి మురియు మనము, ఊయల నూపు చేతినుండి జారిన కుంచెను గూర్చి యేల యడుగము? ఆ కుంచెను విడిపించినది ప్రకృతి కాదు, గృహాచారము. గృహము చేసినదానిని గృహమే సవరింపవచ్చును.