మూతపడిన దుకాణములో గొలుసు రంపముల చరిత్ర

అమెరికా సంయుక్త రాష్ట్రములలో పసిఫిక్ సముద్రతీరమున ఓరెగన్, వాషింగ్టన్ అను రెండు రాష్ట్రములు కలవు. అచటి కొండలమీద డగ్లస్ ఫర్ మొదలగు మహావృక్షములు దట్టముగా పెరుగును. ఆ కొండల నడుమ రోజ్‌బర్గ్, కూస్ బే, ఫోర్క్స్ వంటి ఊళ్లు కలప వలననే పెరిగినవి. ఒక తరము క్రిందట అట్టి ఊళ్లలో గొలుసు రంపములను అమ్మి, బాగుచేసి, పండ్లకు ఆకురాయి పట్టి యిచ్చు దుకాణములు ఉండెడివి. గత ముప్పది యేండ్లలో వానిలో పెక్కు మూతపడినవి. యజమాని ముసలివాడగును, పిల్లలు వేరు పనులకు పోవుదురు. అప్పుడు ఒక వర్తకుడు వచ్చి, అటకమీది పాత రంపములు, సొరుగులలోని విడిభాగములు, గోడకు వ్రేలాడు గొలుసులు అన్నిటికి కలిపి గుత్తగా ఒక ధర చెప్పును. కొన్న సరకును శుభ్రపరచి చిల్లరగా అమ్ముకొనును.

చూచుటకు ఇది పాతసామానుల బేరమే. కాని ఏది తుక్కు, ఏది సొత్తు అని తేల్చుటకు ఆ వర్తకునకు ఈ యంత్రము నడచివచ్చిన దారి తెలిసియుండవలెను. తెలియనివాడు మంచి భాగములను ఇనుము ధరకు పోగొట్టుకొనును. అంతకంటె చెడ్డది, ప్రమాదకరమైన యంత్రమును మరియొకని చేతిలో పెట్టును.

గొలుసుకు పండ్లు అమర్చి కోయవచ్చునను ఊహ మొదట అడవిలో పుట్టలేదు, వైద్యశాలలో పుట్టినది. 18వ శతాబ్దపు చివరిభాగమున స్కాట్లండు వైద్యులు జాన్ ఐట్కెన్, జేమ్స్ జెఫ్రే అనువారు ఎముకను కోయుటకు చేతితో లాగెడి చిన్న గొలుసు రంపమును వాడిరి. 1830 ప్రాంతమున జర్మనీలో బెర్న్‌హార్డ్ హైనె పిడి త్రిప్పినచో గొలుసు ఒక పలకచుట్టు తిరుగునట్టి పనిముట్టును చేసెను. చెట్లను కోయు గొలుసు రంపమునకు 1905లో శాన్ ఫ్రాన్సిస్కో నివాసి శామ్యూల్ బెన్స్ పేటెంటు పొందెను. కాలిఫోర్నియాలోని రెడ్‌వుడ్ వృక్షముల లావు చూచినవారికి ఆతని తొందర అర్థమగును.

చేతికందు యంత్రము మాత్రము జర్మనీనుండియే వచ్చినది. ఆండ్రియాస్ స్టీల్ 1926లో విద్యుచ్ఛక్తితో నడుచు రంపమును, 1929లో పెట్రోలు రంపమును చేసెను. ఈ రెండవది 46 కిలోగ్రాముల బరువు. 1927లో ఎమిల్ లెర్ప్ తన పెట్రోలు రంపమును థురింజియాలోని డోల్మార్ అను కొండమీద పరీక్షించి, ఆ కొండ పేరే దానికి పెట్టెను. మన అడితులలో చెరియొక వైపున నిలిచి రంపము లాగు మనుష్యులవలెనే, ఈ యంత్రములను కూడ ఇద్దరు మోయవలసియుండెను. రెండవ ప్రపంచయుద్ధములో జర్మను సరకు ఆగిపోవుటచే అమెరికా, కెనడా దేశములవారు స్వయముగా రంపములు చేయుట కారంభించిరి.

ఇంజను ఎంత మంచిదైనను కోయునది పన్ను గదా! ఆనాటి గొలుసు పండ్లు చేతిరంపపు పండ్లవంటివే. అవి కఱ్ఱను గీకెడివి. పొట్టు గాడిలో ఇరుకుకొనెడిది. పన్ను త్వరగా మొద్దువారెడిది. రంపము నడిచిన కాలముకంటె ఆకురాయి నడిచిన కాలమే ఎక్కువ యనిపించెడిది. 1946లో ఓరెగన్‌లో జోసెఫ్ కాక్స్ అను కలప పనివాడు ఒక మొద్దును తొలుచుచున్న పెంకుపురుగు పిల్లను చూచెను. వేలెడంత పురుగు గట్టి కఱ్ఱను నిలువునకు, అడ్డమునకు అని చూడక ఒకే తీరున తొలుచుచుండెను. దాని దవడలు ఇంగ్లీషు సీ అక్షరమువలె వంగి, కుడి ఎడమల వంతులవారీగా కఱ్ఱను చెక్కుచున్నవి. కాక్స్ ఉక్కుతో అట్టి దవడలనే చేసి గొలుసున ఒకటి కుడికి, ఒకటి ఎడమకు అమర్చెను. ఆ పన్ను గీకదు. చిత్రిక పట్టినట్లు పెచ్చులు తీయును. ఎంత లోతు తీయవలెనో నిర్ణయించుటకు ప్రతి పంటికి ముందు కొంచెము తగ్గులో ఒక మొన యుండును. 1947లో ఆతడు పోర్ట్‌లాండు నగరమున ఈ గొలుసులు చేయు సంస్థను నెలకొల్పెను. నేటి గొలుసులు ఎక్కువభాగము ఆ పన్ను సంతతివే.

ఆపైన బరువు తగ్గుట మొదలైనది. 1949లో లాస్ ఏంజిలిస్‌లోని మెకల్లక్ సంస్థ 25 పౌండ్ల, అనగా సుమారు 11 కిలోల రంపమును తెచ్చెను. ఒక్క మనుష్యుడు దానిని ఎత్తి వాడగలిగెను. (ఈ సంస్థాధిపతి రాబర్ట్ మెకల్లకే 1968లో లండను వంతెనను కొని, రాతికి రాయి విప్పించి ఆరిజోనా ఎడారికి తరలించినవాడు, గుత్త బేరములకు ఆతనిని మించినవాడు లేడు.) 1959లో స్టీల్ సంస్థ పండ్లచక్రముల పెట్టె లేకుండ ఇంజను నేరుగా గొలుసును త్రిప్పు రంపమును, 1963లో హోమ్‌లైట్ సంస్థ బారును గొలుసును విడిచి 12 పౌండ్లు మాత్రమే తూగు రంపమును అమ్మినవి. ఇందుకు కారణములు ముఖ్యముగా రెండు. ఇనుమునకు మారుగా మెగ్నీషియము పోత వచ్చెను. కార్బ్యురేటరులో తేలు బుడ్డికి మారుగా పలుచని రబ్బరు పొర, అనగా డయాఫ్రము, వచ్చెను. బుడ్డి నిటారుగా నున్నప్పుడే పనిచేయును. పొరకు ఆ పట్టింపు లేదు. రంపమును ప్రక్కకు వంచినను, తలక్రిందులు చేసినను పెట్రోలు అందుచునే యుండును.

1962 అక్టోబరు 12వ తేదీన పెనుగాలి ఈ తీరమును కొట్టి, సుమారు 1,100 కోట్ల బోర్డు అడుగుల కలపను నేల కూల్చెను. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళము మందము గల పలకను బోర్డు అడుగందురు. పడిన చెట్లు పురుగుపట్టకముందే కోయవలెను. దుకాణములకు అవి పండుగ దినములు.

పండుగ శాశ్వతము కాలేదు. 1990లో అచటి ముసలి అడవులలో మాత్రమే సుఖముగా బ్రదుకు మచ్చల గుడ్లగూబను అంతరించు ప్రమాదమున్న జాతిగా ప్రకటించిరి. 1994లో వచ్చిన అటవీ ప్రణాళిక మిగిలిన ప్రాచీనవృక్షములలో పెక్కింటిని కాపాడెను. ఆ దశాబ్దములో ఆ ప్రాంతపు సమాఖ్య అడవులలోని కోత, 1980 దశకముతో పోల్చగా, పదిపాళ్లలో ఎనిమిది పాళ్లకు పైగా తగ్గెను. ఊళ్లవారు గుడ్లగూబను తిట్టిరి గాని, అదొక్కటే కారణము కాదు. ఏటవాలు తక్కువైన చోట్ల ఒక్క పెద్దయంత్రమే చెట్టును పట్టి కోసి పండబెట్టుట అంతకుముందే మొదలైనది. 1997నుండి చిన్న ఇంజనుల పొగకు సమాఖ్య నిబంధనలు వచ్చినవి. పెద్ద అంగళ్లలో చౌక రంపములు వచ్చినవి. చెడిన వానిని బాగుచేయుటకంటె పారవేయుటే లాభమనిపించినది. 1999లో మెకల్లక్ సంస్థ దివాలా తీసెను. దాని పాతరంపములకు విడిభాగములు దొరకుట కష్టమైనది.

దుకాణపు సొరుగులకు విలువ వచ్చినది ఇచ్చటనే. తయారీదారు చేయుట మానిన సీలు, పొర, పండ్లచక్రము ఆనాటి కాగితపు పెట్టెలో ముట్టకుండ ఉన్నచో అది ఒక రంపమునకు ప్రాణము పోయును. అందుచేత నేర్పుగల కొనుగోలుదారు ముందు రంపములను చూడడు. సొరుగులను, భాగముల సంఖ్యలు ముద్రించిన పటముల పుస్తకములను చూచును. ఆ పుస్తకము లేనిచో సొరుగులోనిది ఏ రంపపు భాగమో చెప్పగలవాడు యజమాని ఒక్కడే. తాళము చేతులు మారినపిదప ఆతడు మరల రాడు. కనుక బేరమునకు ముందే ఆతనిని కూర్చుండబెట్టి ప్రతి సొరుగుకు చీటీ వ్రాయించుకొనుట, ధర విషయములో గీచిగీచి బేరమాడుటకంటె మేలు.

పిమ్మట రంపముల పరీక్ష. త్రాడు పిడి పట్టి రంపమును నేలనుండి పైకెత్తుదురు. తన బరువుకు తానే జరజర జారినచో సిలిండరులో ఒత్తిడి నిలుచుట లేదన్నమాట. ఆగి ఆగి దిగినచో ఆశ కలదు. సైలెన్సరు విప్పినచో పొగ పోవు రంధ్రము గుండా పిస్టను ప్రక్క కనబడును. అది నున్నగా నుండవలెను. నిలువు గీతలున్నచో ఒకప్పుడు ఇంజను పట్టివేసినదని అర్థము. క్రాంకు కడ్డీ చివరల రబ్బరు సీళ్లు ఏండ్ల తరబడి ఎండి బిరుసెక్కును. వాని సందులలోనుండి గాలి లోపలికి చొరబడును. ఈ ఇంజనుకు కందెననూనె పెట్రోలులోనే కలసి వచ్చును గనుక, మిశ్రమములో గాలి హెచ్చినకొలది నూనె తగ్గును, వేడి పెరుగును, అల్యూమినియపు పిస్టను మెత్తబడి సిలిండరు గోడకు పూసికొనును. గోడకు గట్టి క్రోమియపు పూత ఉండి, అది చెక్కుచెదరక యున్నచో, అంటిన అల్యూమినియమును కొద్దిపాటి హైడ్రోక్లోరికామ్లముతో జాగ్రత్తగా కరగించి తీయుదురు. పూత లేచిపోయినచో ఆ సిలిండరు తుక్కే.

నిప్పురవ్వ రాకపోవుట చూచి భయపడనక్కరలేదు. పాత మాగ్నెటోలో విడిపోవుచు కలియుచుండు రెండు లోహపు మొనలు కలవు. ఊరక పడియున్న యేండ్లలో వానిమీద ఆక్సైడు పొర ఏర్పడి విద్యుత్తును అడ్డగించును. సన్నని గరుకు కాగితముతో రుద్దినచో పెక్కుమార్లు రవ్వ మరల వచ్చును. పెట్రోలు గొట్టములు, పొరలు మాత్రము తప్పక మార్చవలసినవే. నేటి అమెరికా పెట్రోలులో సాధారణముగా పదవవంతు వరకు ఉండు ఎథనాలు పాత రబ్బరును పాడుచేయును. మెగ్నీషియపు పోతమీద తెల్లని బూడిదవంటి పొర ఉన్నచో గోటితో గీచి లోతు చూడవలెను. శుభ్రపరచునపుడు రాలిన మెగ్నీషియపు పొడిని గుట్టగా ఉంచరాదు. అది అంటుకొన్నచో నీరు పోయగూడదు. మండుచున్న మెగ్నీషియము నీటినుండి హైడ్రోజనును వెలువరించి మంటను పెంచును. పొడి ఇసుక దగ్గర ఉంచుకొనుట మంచిది.

అటకమీద మరియొక రకము సరకు కూడ ఉండును. వాడుకదారులు బాగుచేయుమని ఇచ్చి తిరిగి రానివి. పిడికి పేరు వ్రాసిన చీటీ కట్టియుండును. అమెరికాలోని పెక్కు రాష్ట్రములలో కూలి ముట్టువరకు యంత్రమును తనవద్ద ఉంచుకొను హక్కు మరమ్మతుదారునకు కలదు. కాని అమ్ముటకు ముందు చట్టము చెప్పిన రీతిని యజమానికి తెలియపరచవలెను. ఆ పని జరుగకున్న రంపములను గుత్తలో కలుపుకొన్నవాడు ఇతరుల సొత్తును కొన్నట్లే.

అన్నిటికంటె కఠినమైన ప్రశ్న బాగుచేసిన తరువాత వచ్చును. నిగనిగలాడు 1955 నాటి రంపము చక్కగా మ్రోగుచున్నది. కొనుటకు మనుష్యుడు వచ్చినాడు. దానిని ఆతనికి అమ్మవచ్చునా? బారు కొన పైభాగము కఱ్ఱకు తగిలినచో గొలుసు అచట పట్టుకొని, రంపమంతయు కన్ను మూసి తెరచులోపల కోయువాని ముఖమువైపు ఎగురును. దీనిని ఎదుర్కొనుటకు ముందరి పిడి కడ్డీకి అనుసంధించిన గొలుసు బ్రేకు 1970 దశకములో వ్యాపించెను. అంతకు పూర్వపు రంపములలో సాధారణముగా అది ఉండదు. 1995 ఫిబ్రవరి 9 తరువాత క్రొత్తగా పనిలో పెట్టు ప్రతి గొలుసు రంపమునకు బ్రేకు ఉండవలెనని అమెరికాలో కలపకోత పనులకు నిబంధన చేసిరి. అదురు సంగతి మరొకటి. ఇంజనుకు పిడికి నడుమ రబ్బరు దిమ్మలు 1960 దశకపు మధ్యనుండియే వచ్చినవి. అంతకుముందు పనిచేసినవారిలో ఎందరికో వ్రేళ్లలో రక్తనాళములు ముడుచుకొని, చలిలో వ్రేళ్లు తెల్లబడి స్పర్శ పోయెడిది. ఆ జబ్బు ముదిరినచో పూర్తిగా తగ్గుట అరుదు.

కొందరు వర్తకులు ఇట్టి రంపములను సేకరించువారికే అమ్మి, గొలుసు తీసివేసి ఇత్తురు. మరికొందరు అన్నిటిని విప్పి భాగములుగా అమ్ముదురు. లాభము అందులోనే ఎక్కువ. అట్లు విప్పినకొలది సంపూర్ణమైన పాతరంపములు తరిగిపోవును. అయినను ఒకటి విప్పినచో రెండు మూడు నడుచును గనుక, పోత పగిలినదానిని, సిలిండరు పోయినదానిని విప్పుట న్యాయమే. ఏ లోపము లేనిదానిని కేవలము లాభమునకై విప్పుట మాత్రము చదివినవాడు పుస్తకము చింపినట్లుండును. బ్రేకు లేని రంపమును ఆ మాట చెప్పకుండ కట్టెలు కొట్టుకొను గృహస్థునకు అమ్ముటకు ఏ సమాధానమును లేదు.

దుకాణము ఖాళీయగునప్పుడు ఊడదీయబడు వానిలో గొలుసుల బల్ల ఒకటి. దానిమీద రెండు చిన్న పనిముట్లు బిగించియుండును: రివెట్టును పొడిచి గొలుసును తెంపునది ఒకటి, క్రొత్త రివెట్టు తలను త్రిప్పి అణచి అతుకునది మరొకటి. గోడమీది అర అంగుళపు లావు పాతగొలుసులు నేటి రంపములకు పట్టవు. అవి సేకరణకు పోవును. ఈ రెండు పనిముట్లు మాత్రము, దిమ్మలు సరిచూచుకొన్నచో, వాడుకలో నున్న గొలుసులకు సరిపోవును. వేరొక ఊరి దుకాణపు బల్లకు బిగించినచో అవి మరునాటి ఉదయముననే పనిలోనికి దిగును.