వినఁబడుట, వినఁదగుట: తెలుఁగుదేశమున రేడియోపై శ్రోతల యసంతృప్తి

మన దేశమున రేడియో పుట్టి నూఱేండ్లు నిండినవి. 1924వ సంవత్సరము మే నెలలో సి. వి. కృష్ణస్వామిసెట్టిగారు మొదలగువారు చెన్నపురియందు రేడియో క్లబ్బును స్థాపించిరి. ఆ యేఁడు జూలై 31వ తేదిని దాని ప్రసారము లారంభమయ్యెను. శ్రోతల యసంతృప్తియు దానితోఁ గవలపిల్లగాఁ బుట్టినదేమో యని చరిత్ర చూచినవారికిఁ దోఁచును.

శ్రోతలు చెప్పుకొన్న కొఱతలు రెండు విధములు. వినఁబడుట లేదనుట యొకటి. వినఁదగినది లేదనుట రెండవది. మొదటిది యంత్రమునకును, రెండవది యభిరుచికిని సంబంధించినవి. మన రేడియో కథను వ్రాసినవారు రెండవదానినే విస్తరించి వ్రాసిరి. అభిరుచినిగూర్చిన తగవులు చదువుటకు సొంపుగా నుండును గదా! మొదటిది యింజనీర్ల నివేదికలలో నణఁగిపోయినది. తెలుఁగు శ్రోతల విషయమున మొదటిదానిని విడిచి రెండవదానిని విచారించితిమేని చరిత్ర తలక్రిందు లగునని చూపుటకే యీ వ్యాసము.

క్లబ్బువారి ప్రసారిణి మొదట 40 వాట్లది, పిమ్మట 200 వాట్లది. చందాలతో నడచు సంస్థ యగుటచే ధనము చాలక 1927 అక్టోబరులో మూఁతపడెను. వారు దమ యంత్రమును నగరపాలకసంఘమున కిచ్చిరి. సంఘమువారు 1930 ఏప్రిల్ 1వ తేది మొదలుకొని సాయంకాలములందు సంగీతమును, బడిపిల్లలకుఁ బాఠములను బ్రసారము చేసిరి. సముద్రతీరమున ధ్వనివర్ధకములు నిలుపఁబడినవి. రేడియో కొనలేనివాఁడును నిసుకలోఁ గూర్చుండి పాట వినవచ్చును. 

బొంబాయిలో 1927 జూలై 23వ తేదిని, కలకత్తాలో నాగస్టు 26వ తేదిని బ్రసారముల నారంభించిన ఇండియన్ బ్రాడ్‌కాస్టింగు కంపెనీ కథయు నిట్టిదే. ఒక్కొక్క కేంద్రపు శక్తి కిలోవాటున్నర. స్పష్టముగా వినఁబడు దూరము సుమారు ముప్పది మైళ్లు. ఏఁటికి 10 రూపాయల లైసెన్సు రుసుమే ముఖ్యమైన రాఁబడి. లైసెన్సులు 1930 నాఁటికి నెనిమిదివేలకు లోఁబడియే యుండెను. వినఁబడనిచోట లైసెన్సు లేదు. లైసెన్సు లేనిచో ధనము లేదు. ధనము లేనిచో మంచి గాయకుఁడు రాఁడు. గాయకుఁడు రానిచో వినఁబడుచోటనైన నెవఁడును బెట్టె కొనఁడు. ఈ చక్రములోఁ జిక్కి కంపెనీ 1930 మార్చి 1వ తేదిని దివాలా తీసెను. ప్రభుత్వము దానిని గైకొని, 1931 అక్టోబరులో మూసివేయ నిశ్చయించి, ప్రజలును వర్తకులును మొఱపెట్టఁగా నవంబరులో నా నిశ్చయమును మార్చుకొనెను.

1935 ఆగస్టులో బి. బి. సి. సంస్థనుండి లయొనెల్ ఫీల్డెన్ దొర వచ్చి ప్రసారశాఖ కధికారి యయ్యెను. 1936 జూన్‌లో శాఖకు ఆలిండియా రేడియో యను పేరు వచ్చెను. అదే సంస్థనుండి వచ్చిన కిర్క్ అను నింజనీరు దేశమును బరిశీలించి మధ్యతరంగ కేంద్రముల పథకమును సిద్ధపఱచెను. పిమ్మట ముఖ్య యింజనీరుగా వచ్చిన గాయ్‌డరు హ్రస్వతరంగములవైపు మొగ్గెను. ఈయన 1924లో బడిపిల్లవాఁడై యుండఁగనే లండనునుండి న్యూజిలాండుతో హ్రస్వతరంగములపై సంకేతములతో సంభాషించి ప్రసిద్ధి కెక్కినవాఁడు. ఆ మొగ్గున కాశ్చర్యపడ నక్కఱలేదు. అదియుఁగాక ధనము స్వల్పము, దేశము విశాలము.

ఈ తరంగముల భేద మిచటఁ గొంత చెప్పవలెను. మధ్యతరంగము పగటివేళ నేలవెంటఁ బ్రాఁకును. దగ్గఱివారికి స్పష్టముగా వినఁబడును గాని దూరము పోలేదు. పైఁగా నుష్ణదేశములలో నుఱుములు మెఱుపులు పుట్టించు చిటపటధ్వని దానిపై మెండు. హ్రస్వతరంగము పైకెగసి, యాకాశమందలి విద్యుత్పొరను దాఁకి, వందలకొలఁది మైళ్ల యవతల దిగును. ఆ పొర పగలొకరీతిని, రాత్రి యొకరీతిని నుండుటచేఁ దరంగదైర్ఘ్యమును వేళకుఁ దగినట్లు మార్చుచుండవలెను. ఒకే ధ్వని రెండు మూఁడు త్రోవలఁ బడివచ్చి, యొకదానితో నొకటి కలిసి యొకపుడు పెరుఁగును, ఒకపుడు మాయమగును. రాగాలాపన నడుమ గాయకుఁడు నూతిలోఁ బడి మరలఁ దేలినట్లుండును.

1938 జూన్ 16వ తేదిని చెన్నపురిలో ఆలిండియా రేడియో కేంద్రము తెఱవఁబడెను. తమిళమునకును దెలుఁగునకును నదియే పీఠము. అందలి మధ్యతరంగ ప్రసారిణి శక్తి పావు కిలోవాటు. హ్రస్వతరంగ ప్రసారిణి శక్తి 10 కిలోవాట్లు. పావు కిలోవాటు నగరము చుట్టుపట్లవారికి మాత్రమే చాలును. మఱుసటి యేఁడు, 1939 మే 16వ తేదిని, తిరుచిరాపల్లిలో 5 కిలోవాట్ల మధ్యతరంగ కేంద్రము వెలసెను. కావేరీతీరపు శ్రోతకు స్పష్టమైన గానము దొరకెను. నెల్లూరు మొదలు విశాఖపట్టణమువఱకుఁ గల తెలుఁగువారికి హ్రస్వతరంగమే శరణ్యమయ్యెను. 1947 ఆగస్టు 15వ తేది నాఁటికి ఆలిండియా రేడియో కేంద్రములలో భారతదేశమునకు మిగిలినవి యాఱు: ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, చెన్నపురి, తిరుచిరాపల్లి, లక్నో. తెలుఁగుగడ్డపై నొక్కటియు లేదు.

నిజాము సంస్థానమున వేఱొక రేడియో యుండెను. హైదరాబాదులోఁ దపాలాశాఖోద్యోగి యగు మహబూబ్ అలీ నడపిన చిన్న కేంద్రమును 1935లో నిజాము ప్రభుత్వము గైకొనెను. అది హైదరాబాదు వారికిఁ జక్కఁగనే వినఁబడెడిది. కాని ప్రధానభాష యుర్దూ. సంస్థానమున నధికసంఖ్యాకులు తెలుఁగువారైనను వారి భాషకు దక్కినది స్వల్పకాలము. కోస్తాలో వినఁదగినది వినఁబడకపోయెను, తెలంగాణమున వినఁబడినది వినువాని భాష కాకపోయెను. 1948 డిసెంబరు 1వ తేదిని విజయవాడ కేంద్రము స్వల్పశక్తితో వెలసెను. 1950 ఏప్రిల్ 1వ తేదిని హైదరాబాదు కేంద్రము ఆలిండియా రేడియోలోఁ జేరెను. చెన్నపురి ప్రసారములకుఁ బిమ్మటఁ బదేండ్లు గడచినవని గమనింపవలెను.

ఇచట నా బాల్యస్మృతి యొకటి చెప్పుటకుఁ జదువరులు మన్నింతురు గాక. మా తాతగారు బడిపంతులు, వ్యాకరణ మెఱిఁగినవారు. మా యింటి రేడియోకు మిద్దెనుండి కొబ్బరిచెట్టువఱకు రాగితీఁగె కట్టియుండెను. రాత్రి వార్తలవేళ వారు పెట్టెకుఁ జెవి యానించి కూర్చుండి, ఒకానొక కేంద్రపు ప్రకటనకర్త శకారమును సకారముగాఁ బలుకుచున్నాఁడని మండిపడెడివారు. ఆ కోపముతోఁ గేంద్రమునకుఁ గార్డులును వ్రాసిరి, జవాబు రాలేదు. నేను పెద్దవాఁడనై ధ్వనిశాస్త్రము కొంత చదివిన పిమ్మట నా ప్రకటనకర్తపై నాకు జాలి కలిగినది. సకారమందలి యూఁదుధ్వని సెకనుకు 4,000 కంపనములకుఁ బైని బలముగా నుండును. శకార షకారములది యంతకుఁ గొంత క్రిందుగా నుండును. మధ్య, హ్రస్వతరంగ ప్రసారములు మోయఁగల ధ్వని సుమారు 5,000 కంపనములకు మించదు. ఈలలను, చిటపటలను దగ్గించుటకుఁ బెట్టెలలో నింకను గత్తిరింతురు. అప్పుడు శ, ష, స లు మూఁడును నొకే బుస యగును. భాష చెడినదని పండితులు రేడియోపై మోపిన నేరములలోఁ గొంతభాగము యంత్రమునకుఁ జెందవలసినది. కొంతభాగ మనుచున్నాను, తక్కినది ప్రకటనకర్తలదే.

అధికారు లసంతృప్తి నెట్లు గ్రహించిరో యిఁకఁ జూతము. వినఁబడుట లేదన్న మొఱకు ధనము కావలెను. వినఁదగినది లేదన్న మొఱ కుత్తరువు చాలును. కావున నుత్తరువులు వచ్చినవి. 1940 మార్చి 1వ తేది మొదలు ఆలిండియా రేడియోలో హార్మోనియము నిషేధింపఁబడెను. ఢిల్లీ కేంద్రమునఁ బాశ్చాత్యసంగీతమును జూచిన జాన్ ఫోల్డ్సు దాని స్థిరస్వరములు భారతీయ సంగీతమునకుఁ దగవని యంతకుముందే వ్రాసెను. రవీంద్రనాథ ఠాకూరుగారును దానికి విరోధులు. శ్రుతుల విషయమున వారి వాదము సరియైనదే. చెన్నపురి కచేరీలకు దానివలనఁ గష్టమేమియు లేదు, అచట వీణయు వయొలినును గలవు. తెలుఁగు పద్యనాటకమునకో హార్మోనియమే యాధారము. ఆ పెట్టె కూఁతతోనే తెర లేచును. దానిని దీసివేసిన పిమ్మట రంగస్థల పద్యమున కేమి మిగులునో యా యుత్తరువు తలపోయలేదు. 1970 దశాబ్దమునఁ గాని యా నిషేధము సడలలేదు.

రెండవ యుత్తరువు ప్రసిద్ధము. 1952లో సమాచార ప్రసారశాఖా మంత్రియైన బి. వి. కేస్కరుగారు శాస్త్రీయ సంగీతమునకుఁ బ్రాధాన్యమిచ్చి, సినిమాపాటలను మిక్కిలి తగ్గించిరి. చిత్రముల పేర్లు చెప్పుట ప్రకటన యగునని మానివేయఁగా నిర్మాతలు తమ పాటల యనుమతిని వెనుకకుఁ దీసికొనిరి. ఆ సందున సింహళ రేడియో చొచ్చెను. 1952 డిసెంబరు 3వ తేదిని మొదలైన బినాకా గీత్‌మాలా కొఱకు బుధవారమునాఁటి రాత్రి దేశమెల్లఁ జెవి యొగ్గెను. అయిదేండ్లకు, 1957 అక్టోబరు 3వ తేదిని, ఆకాశవాణి వివిధభారతి నారంభింపవలసివచ్చెను.

దీనిని పండితాభిరుచికిని బామరాభిరుచికిని జరిగిన యుద్ధముగాఁ జెప్పుట వాడుక. నాకందు సగమే నిజమని తోఁచుచున్నది. కొలంబో చెంతనున్న ఏకల గ్రామపు 100 కిలోవాట్ల హ్రస్వతరంగ ప్రసారిణి రెండవ ప్రపంచయుద్ధకాలపు సైనికావసరములకై తలపెట్టఁబడి, పిదప సింహళ ప్రభుత్వము చేతికి వచ్చినది. చెన్నపురి హ్రస్వతరంగ ప్రసారిణికంటె నది పదిరెట్లు బలమైనది. సింహళమునుండి వచ్చినది సినిమాపాట యగుటయే కాక, తెగకుండ వినఁబడు పాట యగుటయు గమనింపవలెను. ఢిల్లీ బొంబాయి నగరములలో సొంత కేంద్రము చక్కఁగా వినఁబడుచుండఁగనే శ్రోతలు సింహళమునకుఁ దరలిరి గదా యని యాక్షేపింపవచ్చును. నిజమే. అచట నభిరుచియే కారణము. ఆ యాక్షేపమును నేను ద్రోయను. తెలుఁగు పల్లెల మాట వేఱు. పదేండ్లు సొంతభాషకొఱకు హ్రస్వతరంగముపై ముల్లు త్రిప్పుట కలవాటుపడిన చేతికిఁ గొలంబో యెంత దూరము? తెలుఁగు పాటలును నచటినుండి వచ్చుచుండఁగా నా ముల్లు వెనుకకుఁ ద్రిప్పుటకుఁ గారణమేమియు లేకపోయెను. వివిధభారతియు మొదట బొంబాయి, చెన్నపురి నగరములందలి బలమైన హ్రస్వతరంగ ప్రసారిణులనుండియే పంపఁబడెను. పోయిన శ్రోతను వెదకుటకు వాఁడు పోయిన త్రోవనే పట్టవలసివచ్చినది.

కేస్కరుగారి కాలమును నిందించుటతోనే సరిపెట్టుట న్యాయము కాదు. సినిమాపాటకు బదులుగా ఆకాశవాణి పెంచిన లలితసంగీతము తెలుఁగున నెచటికంటెను జక్కఁగాఁ బండినదని నా నమ్మకము. 1941లోఁ జెన్నపురి కేంద్రమునఁ జేరిన బాలాంత్రపు రజనీకాంతరావుగారును, పాలగుమ్మి విశ్వనాథముగారును సంగీతమున కర్పించిన జీవితములే యిందులకు సాక్ష్యము. విజయవాడ కేంద్రపు ప్రాతఃకాల భక్తిరంజని కొఱకు వేకువనే మేల్కొన్న యిండ్లు లెక్కలేనివి. అది కూడఁ గేంద్రము దగ్గఱకు వచ్చి, శ్రుతి చెదరక వినఁబడిన పిమ్మటనే.

1977 జూలై 23వ తేదిని జెన్నపురిలో ఎఫ్. ఎం. ప్రసారము లారంభమైనవి. ఈ పద్ధతి 15,000 కంపనములవఱకు ధ్వనిని మోయఁగలది; ఉఱుముల చిటపట దాని నంటదు. ఇరువదియొకటవ శతాబ్దారంభమునఁ బ్రైవేటు ఎఫ్. ఎం. కేంద్రములు పుట్టి హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణములకును వచ్చినవి. ముల్లు ఎచటఁ ద్రిప్పినను నొకే పాట యని, పాటకంటెఁ బ్రకటనలే మెండని యిప్పటి శ్రోత విసుగు. సొంతముగా వార్తలు కూర్చి చెప్పుటకు వానికి ననుమతి లేదు. అయినను ధ్వని స్పష్టము. ప్రకటనకర్త శకారమును సకారమును గలిపి పలికినచో నా దోషమును యంత్రముపైఁ బెట్టుటకు నిపుడు వీలు లేదు.